కత్తి తిప్పితేనే చరిత్రా?

తెలుగులో సీరియస్ పాఠకుడనిపించుకున్నవాడికి ఎవరూ రాయని నియమావళి ఒకటుంది. చారిత్రక నవల చదవచ్చు. అయితే అందులో తిరుగుబాటు ఉండాలి, సామ్రాజ్యం కూలాలి, కనీసం ఒక కోట ముట్టడైనా జరగాలి. హోవర్డ్ ఫాస్ట్ ‘స్పార్టకస్’ చదివాడంటే గౌరవం. తెన్నేటి సూరి ‘చెంఘిజ్ ఖాన్’ చదివాడంటే గౌరవం. రాహుల్ సాంకృత్యాయన్ ‘ఓల్గా నుంచి గంగకు’ అలమరలో కనబడితే ఇంకాస్త గౌరవం. అదే మనిషి ఒక రాణి మొహం గురించో, పట్నపు పెద్దిళ్ళ విందుల గురించో, వాళ్ళు కట్టుకునే బట్టల గురించో రాసిన చారిత్రక నవల పట్టుకుంటే చూసేవాళ్ళకి నవ్వొస్తుంది. అతనూ “ఏదో మార్పు కోసం” అని నసుగుతాడు. నచ్చిందని ఒప్పుకోక తప్పకపోతే “నా టేస్టు కాదుగానీ...” అని ముందో మాట కాపలా పెట్టి, ఆ తర్వాతే మెచ్చుకుంటాడు.

ఈ నసుగుడు అలవాటైపోయింది కాబట్టి దాని వెనకున్న వాదన ఏమిటో ఎవరూ అడగరు. విడదీసి చూస్తే మూడు ముక్కలున్నాయి. అందం తేలిక విషయం, సమాజాన్ని కదిలించేది కాదు అన్నది మొదటిది. అలాంటి నవలల్లో చరిత్ర వట్టి వేషధారణ, పాతకాలపు నగలూ నట్రా చూపించడానికి ఒక నెపం అన్నది రెండోది. గట్టి పుస్తకాలకు అలవాటుపడ్డ పాఠకుడు వీటిని ఆనందించాడంటే అతని అభిరుచి పలచబడిందన్నమాటే అన్నది మూడోది. మూడూ తప్పే. మూడోది అన్నిటికంటే పెద్ద తప్పు.

మొదటి ముక్కకు జవాబు పద్నాలుగో శతాబ్దపు ఆల్ప్స్ కొండల్లో దొరుకుతుంది. జర్మన్ రచయిత లయన్ ఫాయిష్ట్‌వాంగర్ 1923లో ప్రచురించిన నవల ఇంగ్లీషులో ‘ద అగ్లీ డచెస్’ పేరుతో ప్రసిద్ధం. నాయిక మార్గరెట్, టైరోల్ సంస్థానానికి వారసురాలు. కల్పిత పాత్ర కాదు, 1318లో పుట్టిన మనిషి. 1330లో, పన్నెండేళ్ళ వయసులో, ఆమెను బొహీమియా రాజు కొడుకు యోహాన్ హైన్రిష్‌కిచ్చి పెళ్ళి చేశారు. పెళ్ళికొడుకు వయసు ఎనిమిది. ఇటలీకీ జర్మన్ రాజ్యాలకూ మధ్య రాకపోకలు సాగించే బ్రెన్నర్ కనుమ టైరోల్‌లో ఉంది. ఆ దారి ఎవరి చేతికొస్తే వాళ్ళకు సుంకాలూ సైన్యాల కదలికలూ చేతికొచ్చినట్టే. అందుకే లక్సెంబర్గ్, విటెల్స్‌బాఖ్, హాబ్స్‌బర్గ్ వంశాలు మూడూ ఆమె వారసత్వం మీద కన్నేశాయి.

1341 నవంబరులో వేటకు వెళ్ళి తిరిగొచ్చిన భర్తకు టైరోల్ కోట తలుపులు తెరుచుకోలేదు. స్థానిక ప్రభువుల మద్దతుతో మార్గరెట్ అతన్ని బయటే నిలబెట్టి, సంస్థానం నుంచే సాగనంపింది. మరుసటి ఏడు చక్రవర్తి నాలుగో లుడ్విగ్ కొడుకును పెళ్ళాడింది. మొదటి పెళ్ళిని పోప్ రద్దు చెయ్యలేదు. దాంతో ఆమెకూ కొత్త భర్తకూ మతబహిష్కరణ పడింది. టైరోల్‌లో చర్చి కర్మకాండలు నిలిచిపోయాయి. పెళ్ళిని రద్దుచేసే అధికారం పోప్‌దా, చక్రవర్తిదా అన్న ప్రశ్న మీద పాడువాకు చెందిన మార్సిలియస్, ఆకమ్‌కు చెందిన విలియం వంటి ఆ కాలపు మహా మేధావులు చక్రవర్తి పక్షాన గ్రంథాలు రాశారు. ఒక స్త్రీ ఎవరి పక్కన పడుకోవాలన్న ప్రశ్న మీద యూరపు రాజనీతి శాస్త్రం నడిచిన సందర్భం అది. చరిత్ర నవలకు యుద్ధమే కావాలనేవాళ్ళు ఇంతకంటే పెద్ద యుద్ధం ఏం చూపిస్తారు?

ఇక ఆమె మొహం సంగతి. మార్గరెట్ అనాకారి అనడానికి సమకాలికుల రాతల్లో నికరమైన ఆధారం లేదు. వింటర్‌టూర్‌కు చెందిన యోహాన్ అనే ఆనాటి చరిత్రలేఖకుడైతే ఆమె మహా అందగత్తె అనే రాశాడు. మరి ఆ వికారం ఎక్కడినుంచి వచ్చింది? మొగుణ్ణి గెంటేసిన ఆడది, పోప్ మాట వినని ఆడది అన్న నింద ముందు పుట్టింది. దాని వెంట ‘మౌల్టాష్’ (సంచి నోరు) అన్న ఎకసెక్కపు పేరు వచ్చింది. తర్వాతి తరాలు ఆ పేరుకు తగిన నోరూ దవడలూ తయారుచేసి పెట్టాయి. లండన్ నేషనల్ గ్యాలరీలో క్వెంటిన్ మసైస్ 1513 ప్రాంతంలో వేసిన ముసలామె బొమ్మ ఉంది. కాలం చెల్లిన కొమ్ముల తలపాగా, ముడతలుపడ్డ రొమ్ముల మీద బిగించి కట్టిన రవిక, చేతిలో గులాబీ మొగ్గ. మార్గరెట్ చనిపోయింది 1369లో. నూట నలభై ఏళ్ళకు పైగా గడిచాక వేసిన ఆ బొమ్మ ఆమెది కాదు. అయినా లోకం దాన్ని ‘అగ్లీ డచెస్’ అనే పిలుస్తోంది. ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ కోసం జాన్ టెనియల్ గీసిన డచెస్‌లోనూ ఆ పోలికలే కనిపిస్తాయి. రాజ్యమేలిన మనిషి చివరికి పిల్లల పుస్తకంలో హాస్యపు బొమ్మగా మిగిలింది.

అందం తేలిక విషయమైతే, ఒక పాలకురాలి మీద పగ తీర్చుకోవడానికి లోకం ఆమె అందాన్నే ఎందుకు ఎంచుకుంది? ఆమె పన్నుల విధానాన్ని కాదు, తీర్పులను కాదు, మొహాన్ని! సమాజానికి ఎక్కడ కొడితే తగులుతుందో తెలుసు. తెలియనిది మన విమర్శకులకే.

తెలుగువాళ్ళకు ఈ సంగతి ఎరుక లేనిది కాదు. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ రాసింది. అది నవల కాదు, కావ్యం. స్త్రీ తన కోరికను, తన సౌందర్యాన్ని తానే చెప్పుకున్న కావ్యం. వీరేశలింగం అంతటి సంస్కర్తకు అది అసభ్యంగా తోచింది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూనుకుని పూర్తి ప్రతిని వావిళ్ళవారి ద్వారా అచ్చువేయిస్తే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి టంగుటూరి ప్రకాశం అధికారంలోకి రావలసి వచ్చింది. కాలక్షేపపు సరుకే అయితే దాన్ని ఆపడానికి పోలీసులెందుకు? నేటికీ పెళ్ళి ప్రకటనల్లో రంగు రాస్తూనే ఉన్నారు. ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ తన పేరులోంచి ఆ ‘ఫెయిర్’ను తీసేయడానికి 2020 దాకా పట్టింది. ఇలాంటి సమాజంలో ఉంటూ, అందం గురించి రాసింది సామాజిక నవల కాదని తీర్పు చెప్పడానికి చాలా నిబ్బరం కావాలి.

రెండో ముక్క, వేషధారణ. ఈ నింద వేసేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతారు. అది వేషమేనని ఫాయిష్ట్‌వాంగర్ తనంతట తానే ఒప్పుకున్నాడు. 1935లో పారిస్‌లో ఫాసిజానికి వ్యతిరేకంగా రచయితలు సమావేశమైనప్పుడు చారిత్రక నవల అర్థానర్థాల గురించి మాట్లాడుతూ, తాను చరిత్రను చరిత్ర కోసం రాయలేదనీ, సమకాలాన్ని కొంత దూరం నుంచి చూడడానికే పాతకాలపు దుస్తులు వాడుకున్నాననీ చెప్పాడు. మార్క్సిస్టు విమర్శకుడు జార్జ్ లూకాచ్‌కు ఆ మాట రుచించలేదు. గతాన్ని దాని గతులతో సహా చూపించాలే తప్ప ఇవాళ్టి సంగతికి తొడుగు చెయ్యకూడదని తన ‘చారిత్రక నవల’ గ్రంథంలో వాదించాడు. అది పెద్ద చర్చ. అయితే లూకాచ్ ఆ చర్చను ఫాయిష్ట్‌వాంగర్‌ను తీవ్రంగా పరిగణించే చేశాడు. లూకాచ్‌ను తలకెత్తుకున్న మన పాఠకులు మాత్రం పుస్తకం అట్ట చూసి పక్కన పెట్టేస్తారు.

ఆ వేషం లోపల ఏముందో చూడాలంటే రచయిత కాలం చూడాలి. ఫాయిష్ట్‌వాంగర్ మ్యూనిక్‌లో పుట్టిన యూదుడు. నవల వచ్చిన 1923లో జర్మనీలో రొట్టెముక్క ధర పూటపూటకూ మారుతోంది. అదే ఏడు నవంబరులో హిట్లర్ మ్యూనిక్‌లోనే తిరుగుబాటుకు ప్రయత్నించాడు. అలాంటి రోజుల్లో ఆయన ఒక లోకాపవాదాన్ని నిజమే అనుకుందామని మొదలుపెట్టాడు. మార్గరెట్ నిజంగానే అనాకారి అనుకుందాం. తెలివైంది, కష్టపడి పాలిస్తుంది, పట్టణాలు బాగుచేస్తుంది, వర్తకం పెంచుతుంది. ఆమెకు పోటీగా ఆగ్నెస్ ఫాన్ ఫ్లావోన్ అనే సుందరి. ఆగ్నెస్ రాజ్యానికి చేసే మేలేమీ లేదు. పైగా దుబారా. అయినా ఆమె వీధిలోంచి వెళ్తుంటే జనం మురిసిపోతారు. కష్టం వచ్చినప్పుడు నింద మాత్రం మార్గరెట్ మొహం మీదికి పోతుంది. అలాంటి మొహమున్న మనిషి పాలిస్తుంటే దేవుడికి కోపం రాదా అంటారు. ప్లేగు వచ్చినప్పుడు అదే జనం, మార్గరెట్ పిలిచి ఆశ్రయమిచ్చిన యూదుల మీద పడతారు. మొహం చూసి మనిషిని నిర్ణయించే అలవాటుకూ పుట్టుక చూసి మనిషిని చంపే అలవాటుకూ మధ్య దూరం ఎంత తక్కువో నవల చూపిస్తుంది. పదేళ్ళు తిరిగేసరికి, 1933లో, ఆ రచయిత పుస్తకాలు మంటల్లో పడ్డాయి, పౌరసత్వం పోయింది. వేషమే కావచ్చు. ఆ వేషం కింద కొట్టుకున్న నాడి మాత్రం తన కాలానిదే.

ఇంగ్లీషు నవలాకారుడు థాకరే ‘వానిటీ ఫెయిర్’ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 1847, 48లలో నెలనెలా వెలువడ్డ ఈ నవల అంతకు ముప్ఫై ఏళ్ళ నాటి కథ. నడిమధ్యలో వాటర్లూ యుద్ధముంది. కోట ముట్టడి కావాలనేవాళ్ళకు ఇంతకంటే పండగ ఏముంటుంది? కానీ థాకరే పాఠకుణ్ణి యుద్ధభూమికి తీసుకెళ్ళడు. ఫిరంగుల మోత దూరంనుంచి వినబడుతుంటే బ్రస్సెల్స్‌లో గుర్రాలకు ఎవరెంత ధర పెడుతున్నారో, పారిపోవడానికి ఎవరు ముందు మూట కట్టారో చూపిస్తాడు. ఆ గుర్రాల బేరంలో లాభపడింది నవల నాయిక బెకీ షార్ప్. ఆమెకు ఆస్తి లేదు, కులగోత్రాల బలం లేదు. ఉన్నది రూపం, మాట, పాట. వాటితోనే ఆమె లండన్ సంఘంలో మెట్లెక్కుతుంది.

ఆ మెట్లకు డబ్బెవరు కట్టారన్నదే థాకరే అడిగే ప్రశ్న. పైసా రాబడి లేకుండా దర్జాగా బతకడం ఎలా అన్నదానికి ఆయన ప్రత్యేకంగా చోటిచ్చాడు. కర్జన్ వీధిలో బెకీ దంపతులు దిగిన ఇల్లు రాగిల్స్ అనే అతనిది. ఒకప్పుడు క్రాలీవాళ్ళింట్లో బట్లరుగా చేసి, జీవితమంతా కూడబెట్టిన డబ్బుతో ఇల్లు కొనుక్కున్న మనిషి. పెద్దింటివాళ్ళన్న నమ్మకంతో అద్దె అడగలేదు, అరువు ఆపలేదు. బెకీ విందుల్లో మెరిసినన్నాళ్ళూ రాగిల్స్ కరిగిపోతూ వచ్చాడు, చివరికి దివాలా తీశాడు. దోపిడీ గురించి చదవాలనుకునే పాఠకుడికి ఇది దోపిడీ కాదా? గౌనుకు జరీ ఉంది కాబట్టి లెక్కలోకి రాదా?

ఈడిత్ వార్టన్ ‘ది ఏజ్ ఆఫ్ ఇన్నోసెన్స్’ 1920లో వచ్చింది. కథాకాలం 1870లు. వార్టన్ పుట్టిపెరిగిన న్యూయార్క్ పాత ధనిక వర్గం కథ. మొదటి ప్రపంచయుద్ధం ఆ లోకాన్ని తుడిచేశాక, ఫ్రాన్స్‌లో ఉంటూ, చరిత్రలో కలిసిపోయిన జాతి గురించి రాసినట్టు రాసింది. అందులో ఒక ముచ్చట వస్తుంది. పారిస్ నుంచి వర్త్ దుకాణపు గౌన్లు తెప్పించుకుని వెంటనే కట్టుకోవడం అప్పటి పరువుగల ఇళ్ళల్లో చవకబారుతనం. రెండేళ్ళు బీరువాలో పెట్టి, ఆ ఫ్యాషను పాతబడ్డాకే బయటికి తియ్యాలి. ఒక ముసలావిడ చనిపోయాక చూస్తే మడత విప్పని గౌన్లు నలభై ఎనిమిది బయటపడ్డాయట. పైకి ఇది నవ్వించే కబురు. కానీ ఆ వర్గం డబ్బును ఎలా చూపించుకుంటుందో, ఎలా దాచుకుంటుందో, కొత్తగా డబ్బు సంపాదించినవాళ్ళను ఎక్కడ పట్టుకుంటుందో ఆ నలభై ఎనిమిది గౌన్లలోనే ఉంది. కోరి కొనడం, కొని కట్టుకోకపోవడం, కట్టుకున్నవాళ్ళను చూసి పెదవి విరవడం. ఆర్థికశాస్త్ర గ్రంథం ఇరవై పేజీల్లో చెప్పేదాన్ని వార్టన్ కబుర్ల మధ్య దొర్లించేసింది.

అదే నవల చివర్లో కౌంటెస్ ఒలెన్స్కాకు వీడ్కోలు విందిస్తారు. ఎవరూ గొంతు పెంచరు. వెండి పళ్ళేలు, పూలు, మర్యాద మాటలు. తమ కట్టుబాటుకు లొంగని స్త్రీని ఆ వంశాలన్నీ కలిసి ఊరు దాటిస్తున్నాయని కథానాయకుడికి ఆ భోజనాల బల్ల దగ్గర అర్థమవుతుంది. మార్గరెట్ మీద పోప్ వేసిన బహిష్కరణకూ దీనికీ జాతి ఒకటే. ఇక్కడ ముద్రలూ శాసనాలూ లేవు, అంతే.

ఇప్పుడు మూడో ముక్క. పైన చెప్పిందంతా విని ఎదుటిపక్షంలో కొందరు రాజీకి వస్తారు. “సరే, లోపల రాజకీయముంది, ఆర్థికముంది. వాటికోసం చదవండి. ఆ బట్టలూ నగలూ వర్ణనలూ దాటేసి పోండి” అంటారు. పాఠకుడికీ ఈ రాజీ హాయిగా ఉంటుంది. తాను ఆనందించింది సామాజిక విశ్లేషణనే తప్ప పట్టుగౌన్లను కాదని చెప్పుకుని పరువు నిలబెట్టుకోవచ్చు. అసలు ఖండించాల్సింది ఈ రాజీనే. మొదటి రెండూ తెలియనితనం. ఇది తెలిసీ ఆడే దొంగాట.

ఎందుకంటే ఈ నవలలు పనిచేసేదే ఆ ఆనందం ద్వారా. ఆగ్నెస్ వచ్చే ఘట్టాలనే తీసుకోండి. మార్గరెట్ లేపనాల కష్టం, బరువైన దుస్తుల కింద ఆమె ఉక్కపోత, దర్బారు చిటపటలు చదివిచదివి ఉన్న పాఠకుడికి ఆగ్నెస్ రాగానే ప్రాణం లేచొస్తుంది. చూపు ఆమె వెంట పోతుంది. అంటే, కొన్ని పేజీల ముందు తాను చీదరించుకున్న జనంలో ఇప్పుడు తానూ ఒకడు. ఆ క్షణం లేకపోతే నవల చెప్పేది ఉపన్యాసమే. మొహం చూసి తీర్పు చెప్పడం తప్పని అందరికీ తెలుసు. ఆ తప్పు తనలోనే ఎంత సులువుగా జరిగిపోతుందో చూపించడానికే రచయిత అంత శ్రద్ధగా అందాన్ని వర్ణించాడు. వర్ణన దాటేసినవాడు ఆ వలలో పడడు. పడలేదు కాబట్టి తాను మంచివాడినన్న నమ్మకంతోనే పుస్తకం మూస్తాడు.

బెకీ విషయమూ ఇంతే. ఆమె గెలుస్తుంటే పాఠకుడు లోలోపల చప్పట్లు కొడతాడు. రాగిల్స్ దివాలా అప్పుడే గుచ్చుకుంటుంది. చప్పట్లు కొట్టని పాఠకుడికి రాగిల్స్ ఒక ఉదాహరణ మాత్రమే.

‘నా టేస్టు కాదు’ అనేవాడు ఇంకో సంగతి గమనించడు. అతని పాత అభిరుచి ఇక్కడ అడ్డం కాదు, సాయం. ‘స్పార్టకస్’ చదువుతూ గనుల్లో చచ్చే బానిసను మరవని పాఠకుడికి వర్త్ గౌను కనబడగానే దాన్ని కుట్టిన చేతులు ఎవరివన్న అనుమానం వస్తుంది. ఇలాంటి నవలలే చదివేవాళ్ళు ఒక్కోసారి ఆ ప్రశ్న వేసుకోకుండా దాటిపోవచ్చు. బయటినుంచి వచ్చినవాడు తన అలవాటు కళ్ళతోనే వస్తాడు, వాటితోనే కొత్త చోటు చూస్తాడు. అభిరుచి మార్చుకొమ్మని అతన్నెవరూ అడగలేదు. రేపు మళ్ళీ ‘చెంఘిజ్ ఖాన్’ తీసుకోవచ్చు.

అయితే ఎదుటివాళ్ళ మాటలో నిజం బొత్తిగా లేదా? ఉంది. అందం పేరుతో వచ్చే చారిత్రక నవలల్లో తాలు చాలా ఉంది. రాణి కళ్ళు, రాణి నడుము, రాణి ప్రేమలేఖ, ఆఖర్న విషపు గిన్నె. ఆమె కట్టిన చీర ఎక్కడ నేశారో, దాని ఖరీదు ఎవరి నెత్తిన పడిందో, ఆమె రూపానికి ఎవరు బేరం పెట్టారో వాటిలో కనబడదు. వాటిని ఏకిపారెయ్యాల్సిందే. కానీ పసలేని యుద్ధ నవలలు వందొచ్చినా యుద్ధ నవలలన్నీ దండగని ఎవరూ అనలేదే! అందం విషయంలో మాత్రం చెడ్డ నవల ఆ కోవకంతటికీ ప్రతినిధి అవుతుంది, మంచి నవల మినహాయింపవుతుంది. ఈ కొలత తేడాకు సాహిత్య కారణం లేదు. కత్తి మగవాళ్ళ వస్తువు, అద్దం ఆడవాళ్ళ వస్తువు అన్న పాత పంపకమే కారణం. విశ్వనాథ ‘ఏకవీర’ను తెలుగువాళ్ళు ఇన్నేళ్ళుగా గుండెకు హత్తుకున్నారు. నాయకుల కాలపు మధుర నేపథ్యంగా అందులో నడిచింది మనసొకచోటా మనువొకచోటా అయిన రెండు జంటల కథ. అది చదివి ఎవరూ సంజాయిషీ ఇచ్చుకోలేదు. రాసినవాడు విశ్వనాథ కాబట్టి కాబోలు.

గంభీర సామాజిక నవల ఒక గట్టున, అందచందాల చారిత్రక నవల ఇంకో గట్టున అని గీత గీసేవాళ్ళు 1921 నాటి పులిట్జర్ బహుమతి కథ చూడాలి. ఆ ఏడు న్యాయనిర్ణేతలు సింక్లెయిర్ లూయిస్ ‘మెయిన్ స్ట్రీట్’ను ఎంపికచేశారు. అమెరికా చిన్న పట్టణాల ఇరుకుతనాన్ని ఎండగట్టిన నవల అది. పైనున్న ట్రస్టీలు దాన్ని తోసిపుచ్చి ‘ది ఏజ్ ఆఫ్ ఇన్నోసెన్స్’కు ఇచ్చారు. ఆ బహుమతి అందుకున్న తొలి నవలాకారిణి వార్టన్. అమెరికా జీవితపు ఆరోగ్యకర వాతావరణాన్ని, ఉన్నత మర్యాదలను చూపే నవలకు ఇవ్వాలన్నది అప్పటి నిబంధన. అంటే మన విమర్శకుల్లాగే ఆ పెద్దమనుషులూ వార్టన్ నవలలో నగలూ విందులూ మర్యాదలే చూశారు. వీళ్ళు చూసి తిట్టారు, వాళ్ళు చూసి బహుమతిచ్చారు. బహుమతి కారణం తెలిసి వార్టన్ నొచ్చుకుంది. ఆ సంగతి లూయిస్‌కే ఉత్తరం రాసింది. బహుమతి చేజారిన లూయిస్ ఆమె మీద కోపం పెట్టుకోలేదు. వ్యాపార వర్గపు డాబును చీల్చి చెండాడిన తన మరుసటి నవల ‘బాబిట్’ 1922లో వచ్చినప్పుడు దాన్ని ఈడిత్ వార్టన్‌కే అంకితమిచ్చాడు. ‘బాబిట్’ చదివానని గర్వంగా చెప్పుకుంటూ వార్టన్ నవల చదవడానికి మొహమాటపడే పాఠకుడు ముందుగా ఆ అంకితానికి జవాబు చెప్పాలి.